ట్రైలరు కింద ఎనిమిది పలకలు

నా ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "లారీల కంపెనీలో ఏదో చూస్తుంది" అని చుట్టాలకు చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. విశాఖపట్నం శివార్లలో, లారీ ఇంజను వెనకాల తగిలించే పొడవాటి ట్రైలర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేస్తాను. ట్రైలరును కుదిపి, వంచి, నానబెట్టి, ఎక్కడ విరుగుతుందో ఎక్కడ తుప్పు పడుతుందో కొనేవాడి కంటే ముందు తెలుసుకోవడం మా విభాగం పని.

మూడేళ్లుగా నేను ఒక పూత మీద పని చేస్తున్నాను. ఉక్కుకు తుప్పు పట్టకుండా పైన వేసే పూత అది. ఉప్పునీటి పొగ నింపే గది ఒకటి మా దగ్గర ఉంది. ఏళ్ల తరబడి పట్టాల్సిన తుప్పును కొన్ని వారాల్లో పట్టించేస్తుంది. ఆ గదిలో నా పూత మిగతావాటన్నింటినీ దాటేసింది. "ఇంకేం, అన్ని ట్రైలర్లకూ వేసేద్దాం" అన్నారు మా మేనేజరు. ఊరుకుంటే సరిపోయేది. కొరివితో తల గోక్కున్నట్టు, ఒక ఏడాది రోడ్డు మీద కూడా చూద్దామని నేనే పట్టుబట్టాను.

అందుకు భీమవరం కన్నా మంచి ఊరు దొరకదు. అక్కడ సత్యవతి గారికి ఐసు ఫ్యాక్టరీ ఉంది, ఒక ట్రైలరు ఉంది. చుట్టుపక్కల చెరువుల రొయ్యలు చిన్న వ్యాన్లలో ఆవిడ ఫ్యాక్టరీకి వస్తాయి. ఐసుతో కలిపి ట్రేలలో సర్ది, ట్రైలరులో కాకినాడ పంపిస్తారు. దారి పొడవునా ఐసు కరిగి, ఆ ఉప్పునీళ్లు ట్రైలరు అడుగున కారుతూనే ఉంటాయి. కిందటేడాది నేను వెళ్లి దాని కింద అరచేయంత ఉక్కు పలకలు ఎనిమిది బిగించి వచ్చాను. చక్రాల వెనక నాలుగు, నడిమధ్యన నాలుగు. ప్రతి నాలుగింటిలో ఒకటి ఒట్టి ఉక్కు, ఒకటి మామూలు పెయింటు వేసింది, ఒకటి కరిగించిన జింకులో ముంచి తీసింది, ఒకటి నా పూత వేసింది. దెబ్బ తగిలిన చోటి నుంచి తుప్పు ఎంత దూరం పాకుతుందో చూడటానికి ప్రతి పలక మీదా కత్తితో ఒక గంటు పెట్టాను. ఏడాది గడిచింది. ఆ పలకలు తెచ్చుకోవడానికే ఈ ప్రయాణం.

పొద్దున్న ఆరున్నరకు విశాఖలో రైలెక్కాను. భీమవరానికి నేరుగా వెళ్లే రైళ్లున్నాయి కానీ వెయిటింగ్ లిస్టు చూసి భయపడి రాజమండ్రి దాకా తీసుకున్నాను. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట. ఇటువైపు నుంచి వచ్చి రాజమండ్రిలో దిగేస్తే గోదావరి మీద రైలు వంతెన మీకు దక్కదు. స్టేషను వంతెనకు ఇవతలే ఉంది. అది ముందే తెలిస్తే నాలాగ నిడదవోలు దాకా తీసుకోలేదే అని ఏడవరు.

నా ఎదురు సీట్లో సామర్లకోటలో దిగాల్సిన బట్టల వ్యాపారి ఒకాయన కూర్చున్నారు. తుని దాటేలోపే నా ఊరు, పేరు, పిల్లల చదువులు అన్నీ కనుక్కున్నారు.

"మరి తమరేం చేస్తుంటారండి?"

"ట్రైలర్లు పాడుచేస్తుంటానండి. ఎన్నాళ్లకు పాడవుతాయో చూడటానికి."

"దానికి జీతమిస్తారాండి?"

"ఇస్తారండి."

"మా పెద్దాడు ఇంట్లో ఫ్యాను దగ్గర్నుంచి స్కూటరు దాకా అన్నీ ఊరికే పాడుచేస్తున్నాడండి. మీ దగ్గర ఖాళీలేమైనా ఉంటే చూద్దురూ" అన్నారు. బయోడేటా పంపించమన్నాను.

రాజమండ్రిలో దిగేసరికి పది కావస్తోంది. బస్టాండు దగ్గర పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం చట్నీ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా రెండోసారి వేయించుకున్నాను. భీమవరం ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ కార్డు చూపిస్తే, ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. పక్క సీటులో తణుకు వెళ్తున్న ఒకావిడ నవ్వింది. "టికెట్టు లేదు కదా అని వారానికి రెండుసార్లు మా చెల్లెలింటికి వెళ్తున్నానండి. మొదట్లో సంతోషపడింది. ఇప్పుడు 'మళ్లీ వచ్చావా అక్కా' అంటోంది."

రైలు వంతెన పోయిందన్న బెంగ బస్సు తీర్చింది. జొన్నాడ దగ్గర గౌతమి, రావులపాలెం దాటాక సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రెండు పాయలూ కిటికీలోంచి తీరిగ్గా చూశాను. తణుకులో ఆవిడ దిగిపోయింది. అక్కడి నుంచి రోడ్డుకు రెండు పక్కలా మొదట వరిచేలు, తర్వాత చెరువులు. చెరువుల్లో నీళ్లను చిలికే చక్రాలు తిరుగుతూ కనబడ్డాయంటే భీమవరం దగ్గరకు వచ్చినట్టే.

బస్టాండులో యేసురత్నం గారు మోటారు సైకిలుతో నిలబడి ఉన్నారు. సత్యవతి గారి ట్రైలరు నడిపేది ఆయనే. మనిషి యాభై దాటారు, ఇస్త్రీ చొక్కా తప్ప వేయరు. ఆ రోజు ముఖం మరీ వెలిగిపోతోంది.

"బండి ఎలా ఉందండి?" అని అడిగాను.

"ముందు భోజనమండి. తర్వాత బండి. అమ్మగారి ఆర్డరు" అన్నారు.

సత్యవతి గారి ఇల్లు ఐసు ఫ్యాక్టరీ వెనకాలే. నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అరిటాకు వేసి ఉంది. రొయ్యల ఇగురు, మామిడికాయ పప్పు, వంకాయ కారం, గడ్డపెరుగు. చాలండి అంటే ఆవిడ వినిపించుకునే మనిషి కాదు. "రొయ్యలు మోసే బండిని చూడటానికి వచ్చి రొయ్యలు తినకపోతే ఎలాగమ్మా" అంటూ ఇంకో గరిటె వేశారు. కడుపు నిండాక మజ్జిగ తాగించి, అప్పుడు ఫ్యాక్టరీ ఆవరణలోకి తీసుకెళ్లారు.

ట్రైలరు ధగధగా మెరిసిపోతోంది. చక్రాల డిస్కులకు కొత్త ఎరుపు రంగు. వెనక తలుపుల మీద కొత్త పూల బొమ్మలు. టార్చి పట్టుకుని కిందకు దూరాను. అడుగు మొత్తం వెండి రంగు పెయింటు. నా ఎనిమిది పలకలు కూడా వెండి రంగే. పెట్టిన గంటు కనబడటం లేదు, పలకల మీద కొట్టిన నంబర్లు వేలితో తడిమితే గాని తెలియడం లేదు.

"ఇదేంటండి యేసురత్నం గారూ?"

"ఆయ్, పెయింటండి. మీ పలకలకైతే రెండు కోటింగులు వేశానండి. ముందు సోడాతో కడిగి, వైరు బ్రష్షుతో రుద్ది మరీ వేశాను."

"వాటిని ముట్టుకోవద్దన్నాను కదండి."

"ఏడాది పాటు ముట్టుకోలేదండి" అన్నారాయన, నొచ్చుకుంటూ. "అడుక్కి చుక్క నీళ్లు కొట్టలేదు. మిగతా డ్రైవర్లు 'ఏంటి రత్నం, బండి పందుల దొడ్డిలా పెట్టావు' అని నవ్వుతుంటే పడ్డాను. మొన్న మీరు వస్తున్నానని ఫోను చేశారు. పరీక్ష అయిపోయింది, ఇంక చూడటానికే కదా వస్తున్నారు అనుకున్నామండి."

"నేనే చెప్పానమ్మా" అన్నారు సత్యవతి గారు. "అంత దూరం నుంచి బండిని చూడటానికి వస్తున్నారు. పెళ్లిచూపులకి పిల్లకి మొహం కడక్కుండా చూపిస్తామా?"

ట్రైలరు కింద వెల్లకిలా పడుకుని ఆ మాట విన్నాను. ఎవరి మీద కోప్పడను? ఏడాది పాటు పరువు పోగొట్టుకున్న మనిషి మీదా, రొయ్యల ఇగురు పెట్టిన మనిషి మీదా? కోపం మాత్రం వచ్చింది, బాగా వచ్చింది. తుప్పు బరువు తూచి లెక్కగట్టడానికి వచ్చినదాన్ని. తుప్పంతా వైరు బ్రష్షుతో ఊడ్చేశారు. ఈ గోదావరి మర్యాద ఉందే, దానికి ఎదురు నిలిచే పూత ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కోపం కింద, అడుగున ఎక్కడో, నాకు కొంచెం ఊరటగా అనిపించింది. రోడ్డు పరీక్ష పాడైపోయింది కాబట్టి గదిలో వచ్చిన ఫలితమే నిలబడుతుంది. నా పూత గెలిచినట్టే. ఇందులో నా తప్పేమీ లేదు కదా. పలకలు విప్పకుండానే బయటికి వచ్చి, బట్టలు దులుపుకుని, పోనీలెండి అన్నాను.

సాయంత్రం టీ తాగుతుంటే సత్యవతి గారు అసలు సంగతి ఎత్తారు. రెండో ట్రైలరు కొనడానికి ఆవిడ ఏడాదిగా ఆగి ఉన్నారు. మర్నాడు సాయంత్రం మా కంపెనీ వాళ్లకు ఆర్డరు ఖాయం చెయ్యాలి.

"ఈ మొదటి బండి అడుగు తుప్పు పట్టి, కిందటేడు రోడ్డు మధ్యలో ఒక అడ్డకమ్మీ విరిగిపోయిందమ్మా. రత్నం గారికి ఏమీ కాలేదు, అది దేవుడి దయ. మళ్లీ ఆ భయం నా వల్ల కాదు. మీ పూత వేయించమంటారా, జింకులో ముంచింది తీసుకోమంటారా? మీరేది చెబితే అది."

వేయించండి అని నోటి చివరిదాకా వచ్చింది. ఎందుకో బయటికి రాలేదు. "రేపు కాకినాడ చేరాక చెబుతానండి" అన్నాను. ఎలాగూ మర్నాడు నేను ట్రైలరులోనే కాకినాడ వెళ్లాలి. దారిలో బండి అదురును నమోదు చేసే చిన్న పెట్టె ఒకటి తెచ్చుకున్నాను. లాడ్జిలో గది మాట ఎత్తితే సత్యవతి గారు కేకలేశారు. మేడ మీద గదిలో, వాళ్లమ్మాయి పరుపు మీద హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి అయిదున్నరకు సరుకుతో బయలుదేరాం. ముందు బంపరుకు కొత్త నిమ్మకాయలు వేలాడుతున్నాయి. లోపల అద్దానికి కొబ్బరి మట్టతో అల్లిన సిలువ కట్టి ఉంది.

"నిమ్మకాయలు అమ్మగారివండి. సిలువ నాది, మట్టల ఆదివారం గుడిలో ఇచ్చింది. రెండూ ఉంటే మనకి ఢోకా లేదు" అన్నారు యేసురత్నం గారు.

క్యాబిన్ ఎత్తు నుంచి డెల్టాను చూడటం బస్సు కిటికీలోంచి చూడటం లాంటిది కాదు. చెరువు గట్లు, కాలవలు, కొబ్బరి తోటల లోపల పొయ్యిల పొగ, అన్నీ కాళ్ల కింద పరిచినట్టు ఉంటాయి. రావులపాలెం దగ్గర ఆగి ఇడ్లీలు తిన్నాం. అరటి గెలల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. రాజమండ్రి దాటాక, రాజానగరం దగ్గర హైవే వదిలి కాకినాడ రోడ్డుకు తిరిగాం. అక్కడ కొంత దూరం రోడ్డు పని జరుగుతోంది. కంకర పరిచి ఉంది.

బండి కంకర మీదకు ఎక్కగానే కింద వడగళ్లు పడ్డట్టు చప్పుడు మొదలైంది. చక్రాలు రాళ్లను ఎగరేసి అడుగుకు కొడుతున్నాయి. నా పెట్టెలో గీతలు పిచ్చెక్కినట్టు లేస్తున్నాయి.

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అండి?"

"ఇక్కడే కాదండి, చెరువుల దగ్గర మట్టి రోడ్లలోనూ అంతే. రోజూ వినే సంగీతమే ఇది."

మా గదిలో ఉప్పుంది, నీళ్లున్నాయి, వేడి ఉంది. రాళ్లు లేవు. మూడేళ్లలో ఒక్కసారి కూడా నా పూత మీద ఒక రాయి విసిరి చూడలేదు. పక్కింటి పిల్లాడికి కూడా తట్టే సంగతి అది.

పెద్దాపురం వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంకో సంగతి కూడా లోపల తొలుస్తోంది. తుప్పు పూత కింద పాకుతుంది. పైనున్నది రుద్దేసినా, మీద ఎన్ని రంగులేసినా, కింద పాకింది ఎక్కడికీ పోదు. కత్తితో గీకి చూస్తే తెలిసిపోతుంది. బరువు లెక్క పోయింది గాని, ఆ కొలత పోలేదు. ఈ మాట నాకు నిన్న ట్రైలరు కింద పడుకున్నప్పుడే తెలుసు. చూడాలని అనిపించలేదు, అంతే. చూడకుండా విశాఖ వెళ్లిపోతే నా పూత గెలిచినట్టే ఉండేది. ఆ పూత వేసిన ట్రైలరును యేసురత్నం గారు నడుపుతారు.

పదిన్నరకు కాకినాడ చేరాం. రొయ్యల ప్లాంటులో సరుకు దించుతుంటే, పలకలు విప్పాలి, స్పానరు ఇస్తారా అని అడిగాను. యేసురత్నం గారు తనే కిందకు దూరి, తను వేసిన రంగు గీకుతూ ఒక్కొక్కటీ విప్పి ఇచ్చారు. ప్లాంటు గోడ నీడలో గోనెసంచి పరిచి కూర్చున్నాను. సముద్రపు గాలి, రొయ్యల వాసన, పైన కాకుల గోల.

ముందు మధ్యలోవి చూశాను. వెండి రంగు కిందకు కత్తి పోనిచ్చి గీకాను. నా పూత చెక్కు చెదరలేదు. గంటు పెట్టిన చోట సన్నటి గీత మాత్రం ఎర్రబడింది. కత్తి గట్టిగా నొక్కినా లోపలికి దిగలేదు. నాకు ఈల వేయాలనిపించింది. యేసురత్నం గారు వంగి చూసి, "భలే ఉందండి మీది" అన్నారు.

తర్వాత చక్రాల వెనకవి. జింకు పలక మీద రాళ్ల సొట్టలు పడ్డాయి, అక్కడక్కడ తెల్లగా బూడిద పట్టింది. ఎరుపు ఎక్కడా లేదు. చివరికి నాది తీసుకున్నాను. కత్తి మొన తగలగానే పూత అప్పడంలా పెచ్చులూడింది. ఒక పెచ్చు, ఇంకో పెచ్చు, ఆ పక్కది. ప్రతి దాని కింద ఎర్రగా తుప్పు, చివరి దాకా పాకేసింది. పక్కనున్న మామూలు పెయింటు పలక కూడా ఇంత పాడవలేదు. రాయి తగిలిన చోటల్లా గట్టి పూత పగిలింది, పగుల్లోంచి ఉప్పునీళ్లు దిగాయి, దిగినవి బయటికి రాలేదు. నాది మరీ గట్టిది. అదే దాని రోగం.

చాలా బాధేసింది.

"నేను బ్రష్షు పెట్టి రుద్దడం వల్లేమోనండి" అన్నారు యేసురత్నం గారు మెల్లిగా.

"కాదండి. మీరు రుద్దకపోయినా ఇంతే."

"పోనీలెండి, మధ్యలోది బాగానే ఉందిగా. మీ రెండిట్లో ఒకటే కదండి పోయింది."

"బండికి చక్రాలు ఉండాలి కదండి" అన్నాను. ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆ సమయంలో ఎలా వచ్చిందో తెలియదు.

ప్లాంటు క్యాంటీనులో భోజనం చేశాక యేసురత్నం గారు ఖాళీ బండితో వెనక్కు బయలుదేరారు. వెళ్లేముందు క్యాబిన్లోంచి తల బయటపెట్టి, "మళ్లీ పలకలు పెడతారాండి?" అని అడిగారు. పెడతానేమో అన్నాను. "అయితే మళ్లీ ఏడాది కడగొద్దంటారన్న మాట" అని నిట్టూర్చారు. ఈసారి నేను వచ్చాక కడుగుదురుగాని అంటే తలూపారు గాని, ఆ ముఖం చూస్తే నాకు నమ్మకం కలగలేదు.

కాకినాడ నుంచి సామర్లకోటకు బస్సులు బోలెడు. అరగంట పైన పడుతుంది. విశాఖ వెళ్లేవాళ్లు కాకినాడలో రైలు కోసం పడిగాపులు పడకుండా సామర్లకోట వచ్చెయ్యడమే మేలు, రైళ్లన్నీ ఇక్కడే దొరుకుతాయి. నాలుగింటి రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. ఇంట్లోవాళ్లకు కాజాలు కొన్నాను. పలకల సంచి ఒళ్లో బరువుగా ఉంది.

మా మేనేజరుకు మర్నాడు చెప్పుకోవచ్చు. ముందు సత్యవతి గారికి చెప్పాలి. అన్నవరం స్టేషను వస్తుండగా ఫోను చేశాను.

"నా పూత వేయించకండి. జింకులో ముంచింది తీసుకోండి" అన్నాను. రాళ్ల సంగతి, పెచ్చుల సంగతి అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"మీ సరుకు మీరే వద్దంటున్నారు" అన్నారు చివరికి.

"అవునండి."

"మూడేళ్లు చేశానన్నారు కదమ్మా దాన్ని."

"అవునండి."

"బాధగా లేదూ?"

"ఉందండి. చాలా ఉంది."

"ఉండనీ. బాధ లేకపోతే మళ్లీ చెయ్యబుద్ధి కాదు" అన్నారు. తర్వాత గొంతు మార్చి, "జింకు ఆర్డరు ఇప్పుడే చెప్పేస్తాను. రత్నం గారింట్లో కూడా ఈ మాట చెబుతాను, వాళ్లావిడ సంతోషిస్తుంది" అని ఫోను పెట్టేశారు.

ఆ తర్వాత కాజాల పొట్లం విప్పాను. ఇంటికని కొన్నవే, అయినా రెండు తిన్నాను. రెండు రోజుల్లో నా పరీక్షను పాడుచేసినవాళ్లే నన్ను రెండు పూటలా కూర్చోబెట్టి వడ్డించారు, నేను చెప్పిన మాట మీద బతుకు నడిచే బండిని కొంటున్నారు. డెల్టాకు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. కడుపు ఖాళీగా వెళ్లండి, వస్తున్నానని మాత్రం ముందు ఫోను చెయ్యకండి.

తుని, నర్సీపట్నం రోడ్డు, ఎలమంచిలి. ఆ బాధ అనకాపల్లి దాకా నాతోనే వచ్చింది. దువ్వాడ దగ్గర రైలు సిగ్నలు కోసం ఆగినప్పుడు చూసుకుంటే, పట్టాల పక్కన కంకర వైపు చూస్తూ, మా గదిలోకి ఎంతేసి రాళ్లు విసిరితే సరిపోతుందా అని లెక్కలు వేస్తున్నాను.